దిగిన చోటే ఎక్కాలంటే

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సంగతి గురించి ఉన్నాయి. ఒక బండి దిగి మరో బండి ఎక్కడానికి పడుతున్న అవస్థ, దానికి విరుగుడుగా రైలు, ట్రాము, బస్సు ఒకే ప్లాట్‌ఫారం దగ్గర ఆగే ఏర్పాటు గురించి పాఠకులు అడిగారు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, అన్నింటికీ ఇక్కడే జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను రోజూ రైలు దిగి ట్రాము అందుకోవాలి. రెంటికీ మధ్య ఒక వంతెన, రెండు వరుసల మెట్లు, ఒక పొడవాటి నడవా ఉన్నాయి. నేను వంతెన మీద ఉండగానే ట్రాము కదిలిపోతుంటుంది. ఒకే ప్లాట్‌ఫారానికి ఒకవైపు రైలు, మరోవైపు ట్రాము ఆగేలా కట్టడం సాధ్యం కాదా?

జవాబు: సాధ్యమే. చాలా నగరాల్లో దశాబ్దాలుగా అలాంటి స్టేషన్లు నడుస్తున్నాయి. రెండు పట్టాల జతల మధ్య ఒకే వెడల్పాటి ప్లాట్‌ఫారం ఉంటుంది. ఒక అంచున ఒక లైను బండి, రెండో అంచున మరో లైను బండి ఆగుతాయి. దిగినవారు నాలుగు అంగలు వేసి అవతలి అంచుకు చేరుకుంటారు.

లండన్‌లోని మైల్ ఎండ్ స్టేషన్‌లో డిస్ట్రిక్ట్ లైను, సెంట్రల్ లైను 1946 నుంచీ భూగర్భంలో ఇలాగే పక్కపక్కన ఆగుతున్నాయి. బెర్లిన్‌లోని వూల్‌టాల్ మీరు అడిగినదానికి ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడ నగర మెట్రో లైను యు5, శివారు రైలు ఎస్5 అనే రెండు వేర్వేరు వ్యవస్థల బండ్లు 1989 నుంచీ ఒకే ప్లాట్‌ఫారాన్ని పంచుకుంటున్నాయి. అదే ఏడు వియన్నాలో తెరిచిన లాంగెన్‌ఫెల్డ్‌గాసె స్టేషన్‌లో ఒక అంచున ఆగే యు4 బండి పట్టాల పక్కనున్న మూడో పట్టా నుంచి కరెంటు తీసుకుంటుంది. అవతలి అంచున ఆగే యు6 బండికి కరెంటు తలపైనున్న తీగ నుంచి వస్తుంది. బండ్ల జాతి వేరైనా ప్రయాణికుడు నడిచే నేల ఒక్కటే.

దీనివల్ల ఎంత సమయం కలిసొస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాం. మామూలుగా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు సాగుతాడని అనుకుంటే, 10 మీటర్ల వెడల్పున్న ప్లాట్‌ఫారం దాటడానికి 9 సెకన్లు చాలు. 200 మీటర్ల నడవాకు అదే మనిషికి దాదాపు 3 నిమిషాలు పడుతుంది. మెట్లు, మెట్ల దగ్గర గుంపు, దారి చూపే బోర్డు కోసం వెతుకులాట దీనికి అదనం. మోకాళ్ళ నొప్పులున్నవారికీ, చంటిబిడ్డను ఎత్తుకున్నవారికీ ఈ లెక్క రెట్టింపు కావచ్చు.

అసలు నష్టం నిమిషాల లెక్కకు పూర్తిగా అందదు. నిలబడి ఎదురుచూసే నిమిషమూ, హడావుడిగా నడిచే నిమిషమూ కూర్చుని ప్రయాణించే నిమిషం కంటే చాలా బరువుగా, ఇంచుమించు రెట్టింపుగా తోస్తాయని రవాణా ప్రణాళికలు వేసేవారు లెక్కకడతారు. వంతెన మీదున్న మనిషికి కింద బండి ఉందో వెళ్ళిపోయిందో కనబడదు కాబట్టి పరుగెత్తాలో వద్దో తెలియదు. ఉమ్మడి ప్లాట్‌ఫారం మీద దిగగానే ఎదుటి అంచు మొత్తం కనిపిస్తుంది, ఆ ఆందోళన అక్కడితో పోతుంది. రవాణా పటాల్లో రెండు గీతలు కలిసేచోట ఒక చుక్క పెట్టి ఊరుకుంటారు. ఆ చుక్క లోపల ఎన్ని మెట్లున్నాయో పటం చూసి ఎవరూ చెప్పలేరు. పథకాలను పటం మీద చూసి ఆమోదించే పద్ధతి ఉన్నంతకాలం మీలాంటి ప్రయాణికుల కష్టం కాగితం మీదికి ఎక్కదని నాకు గట్టి నమ్మకం.

ప్రశ్న: రెండు లైన్లకూ ఉమ్మడి ప్లాట్‌ఫారం ఉంటే ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకైనా అక్కడే మారవచ్చునా?

జవాబు: మారలేము. ఈ ఏర్పాటులోని అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రెండు లైన్లకు రెండేసి దిశలు ఉంటాయి కాబట్టి మొత్తం నాలుగు బండ్లు, రెండు ప్లాట్‌ఫారాలు అవసరమవుతాయి. మొదటి ప్లాట్‌ఫారానికి రెండువైపులా ఊరి నడిబొడ్డుకు పోయే రెండు బండ్లనూ, రెండో దానికి రెండువైపులా ఊరి బయటికి పోయే రెండు బండ్లనూ నిలిపితే, ఒకే దిశలో ముందుకు సాగేవారికి దిగినచోటే బండి దొరుకుతుంది. ఒక శివారు నుంచి వచ్చి మరో శివారుకు, అంటే వచ్చిన దిక్కుకే వంపు తిరిగి వెళ్ళేవారు మాత్రం మెట్లెక్కి రెండో ప్లాట్‌ఫారానికి పోవాలి. ప్లాట్‌ఫారాలను తారుమారు చేసి కడితే వంపు తిరిగేవారికి సుఖం, నేరుగా సాగేవారికి కష్టం. ఒక్క స్టేషన్‌తో అందరినీ తృప్తిపరచడం కుదరని పని.

దీనికి కొందరు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. రెండు లైన్లను ఒక్క స్టేషన్‌లో కాకుండా వరుసగా రెండు స్టేషన్లలో పక్కపక్కన నడిపి, ఒక స్టేషన్‌లో ఒక రకం జతలనూ, పక్క స్టేషన్‌లో రెండో రకం జతలనూ ఎదురెదురుగా నిలుపుతారు. హాంకాంగ్‌లో మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లు పనిని ఇలాగే పంచుకున్నాయి. సింగపూర్‌లో 1987లో తెరిచిన సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లదీ ఇదే పద్ధతి. ప్రయాణికుడు తన దారిని బట్టి మొదటి స్టేషన్‌లో దిగాలా, రెండోదానిలో దిగాలా అన్నది ఒక్కసారి నేర్చుకుంటే చాలు, ఆ తర్వాత మెట్టెక్కే పని ఉండదు. రెండు స్టేషన్ల మధ్య సొరంగాలు ఒకదాని మీదుగా ఒకటి దాటి పక్కలు మార్చుకుంటాయి. ఆ దాటింపు కోసం అయ్యే తవ్వకం ఖర్చు ఒక్కసారిది, దానివల్ల ఒరిగే మేలు ఆ లైన్లు నడిచినన్నాళ్ళదీ.

అందుకే ఈ నిర్ణయం తవ్వకానికి ముందే జరగాలి. లండన్‌లో 1968 నుంచి 1971 దాకా దశలవారీగా తెరిచిన విక్టోరియా లైనును గీసినవారు ఈ విషయంలో చూపిన పట్టుదల మెచ్చదగింది. ఫిన్స్‌బరీ పార్క్, హైబరీ అండ్ ఇస్లింగ్టన్, యూస్టన్, ఆక్స్‌ఫర్డ్ సర్కస్, స్టాక్‌వెల్ స్టేషన్లలో పాత లైన్ల పక్కనే కొత్త బండి ఆగేలా సొరంగాలను మలిచారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో బేకర్లూ లైను నుంచి విక్టోరియా లైనుకు చిన్న అడ్డనడవా దాటితే చాలు. ఫిన్స్‌బరీ పార్క్‌లో అయితే అప్పటికే ఉన్న మరో లైనును 1964లో వెనక్కి కుదించి, ఖాళీ అయిన దాని సొరంగాలను ఈ పనికి వాడుకున్నారు. అలాంటి అవకాశం ఏ నగరానికైనా అరుదుగా వస్తుంది. కొత్త లైను గీసేటప్పుడు పాత లైను పక్కకు చేరడం కుదురుతుందా అని మొదటిరోజే అడగకపోతే, తర్వాత ఎన్ని ఎస్కలేటర్లు పెట్టినా ఆ లోటు తీరదు.

ప్రశ్న: రైళ్ళ సంగతి సరే, బస్సును రైలు ప్లాట్‌ఫారం దగ్గరికి తేవడం ఎందుకు అంత అరుదు? బస్సుకు పట్టాలు కూడా అక్కర్లేదు కదా!

జవాబు: పట్టాలు అక్కర్లేకపోవడం బస్సుకు లాభమే. కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి తలుపులు, రెండోది ఎత్తు.

తలుపుల సంగతి ముందు చూద్దాం. రైలు పెట్టెకు రెండువైపులా తలుపులుంటాయి. బస్సుకు రోడ్డు అంచు వైపు మాత్రమే, అంటే ఎడమవైపు నడిచే దేశాల్లో ఎడమన, కుడివైపు నడిచే దేశాల్లో కుడిన ఉంటాయి. ఇప్పుడు ఒక రైలు తన బయటివైపు ప్లాట్‌ఫారం దగ్గర ఆగిందనుకోండి. దాని అవతలి అంచుకు బస్సు తలుపులు ఆనాలి. ఇద్దరు మనుషులు తమ ఎడమచేతులను ఒకరివైపు ఒకరు చాచి పక్కపక్కన నిలబడాలంటే వారి ముఖాలు వ్యతిరేక దిక్కులకు ఉండక తప్పదు. బస్సుకూ రైలుకూ సరిగ్గా అదే జరుగుతుంది. రైలు ఉత్తరానికి పోతుంటే, దాని పక్కన ఆగే బస్సు దక్షిణానికి ముఖం పెట్టి నిలవాలి. అక్కడే ప్రయాణం ముగించుకుని తిరిగి వెళ్ళే బస్సుకు ఇది ఇబ్బంది కాదు, స్టేషన్ చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తే సరిపోతుంది. రైలుకు సమాంతరంగా ముందుకు సాగిపోయే బస్సుకు మాత్రం ఇది అదనపు చుట్టు, అందులో అప్పటికే కూర్చున్నవారికి అదనపు సమయం. ఉమ్మడి ప్లాట్‌ఫారాన్ని చివరి స్టేషన్లలో, అంటే చాలా బస్సులు బయలుదేరే చోట్ల, ముందుగా ఆలోచించాలని నేను అనడానికి కారణం ఇదే. ట్రాముల్లో కూడా ఒకవైపే తలుపులుండి చివర్లో గుండ్రటి మలుపు తిరిగే రకం ఉంది. వాటికీ ఈ నియమమే వర్తిస్తుంది. రెండువైపులా తలుపులున్న ట్రాముకు ఈ గొడవ లేదు.

ఇక ఎత్తు. ఐరోపాలో రైలు ప్లాట్‌ఫారాలు పట్టా పైభాగం నుంచి ఎక్కువగా 55 లేదా 76 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి, బ్రిటన్‌లో ప్రామాణిక ఎత్తు 91.5 సెంటీమీటర్లు. కింది నేల ఉన్న, అంటే లోపలి నేలను బాగా కిందికి దించి కట్టిన, ట్రాము గుమ్మం 30 నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కింది నేల బస్సు గుమ్మం కూడా దాదాపు అంతే. ఒకవైపు వంగి ఆగే సౌకర్యం ఉన్న బస్సు మరో 7, 8 సెంటీమీటర్లు దిగగలదు. ఈ తేడాలను చూసి, ఒకే ప్లాట్‌ఫారం ఎలా సరిపోతుందని చాలామంది అక్కడే ఆగిపోతారు.

ప్లాట్‌ఫారాన్ని వంచనక్కర్లేదు, పట్టాలనూ రోడ్డునూ ఎత్తితే చాలు. ప్లాట్‌ఫారాన్ని చదునుగా ఉంచి, రైలు పట్టాలు దానికి 55 సెంటీమీటర్ల కింద, ట్రాము పట్టాలు 30 సెంటీమీటర్ల కింద ఉండేలా వేస్తే, ట్రాము వైపు పట్టాలు రైలు పట్టాల కంటే 25 సెంటీమీటర్లు ఎత్తున ఉంటాయి. ప్రయాణికుడి కాలికి ఆ తేడా తెలియనే తెలియదు, చక్రాల కుర్చీ ఎక్కడా తట్టుకోదు. బస్సుకైతే రోడ్డును ఇంకొంచెం ఎత్తి, ప్లాట్‌ఫారం దానికి 16 నుంచి 24 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూస్తారు. ఇంతకంటే ఎత్తు పెంచితే వేరే చిక్కు వస్తుంది. తలుపులు బయటికి తెరుచుకునే రకం బస్సుల్లో వాటి కింది అంచు ప్లాట్‌ఫారానికి రాసుకుంటుంది. కాబట్టి ప్లాట్‌ఫారం గీసేవారూ బస్సులు కొనేవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. వారిద్దరూ వేర్వేరు కార్యాలయాల్లో ఉండి ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే, ప్లాట్‌ఫారం పూర్తయ్యాక తలుపు తెరుచుకోదన్న సంగతి బయటపడుతుంది.

బస్సు ప్లాట్‌ఫారానికి ఎంత దగ్గరగా ఆగుతుందన్నది కూడా ముఖ్యమే. రైలును పట్టాలు అంచు పక్కకు తెచ్చి నిలుపుతాయి, బస్సు విషయంలో డ్రైవరు చేతిచలవ మీద ఆధారపడాలి. జర్మనీలోని కాసెల్ నగరం పేరుతో ప్రసిద్ధమైన ఒక రకం అంచురాయి ఈ పని తేలిక చేసింది. దాని కింది భాగం లోపలికి వంపుగా ఉండటంతో టైరు దానికి ఆనుకుని జారుతూ, బస్సు పక్కభాగం దెబ్బతినకుండా అంచుకు దగ్గరగా చేరుతుంది. చూడటానికి మామూలు రాయే. దానివల్ల బస్సుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఖాళీ తగ్గి, చేతికర్ర ఊతంతో నడిచే ఒక పెద్దావిడ ఎవరి సాయమూ అడగకుండా బస్సెక్కగలిగితే, రవాణారంగంలో అంతకు మించిన మంచి ఖర్చు నాకు తోచదు.

ప్రశ్న: బస్సులూ రైళ్ళూ పక్కపక్కన కాకుండా, ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి నడిచి ఒకే అంచున ఆగితే ఇంకా సులభం కాదా?

జవాబు: కొన్నిచోట్ల అలాగే నడిపారు. అమెరికాలోని సియాటిల్‌లో 1990లో బస్సుల కోసం తెరిచిన నగర సొరంగంలో 2009 నుంచి లైట్ రైలు, అంటే ట్రాములాంటి తేలికపాటి రైలు, కూడా నడిచింది. రోడ్డులో పాతిన పట్టాల మీద రైలు, అదే రోడ్డు మీద బస్సు, అవే ప్లాట్‌ఫారాలు. పదేళ్ళపాటు నడిచిన ఈ ఏర్పాటు నుంచి 2019 మార్చిలో బస్సులు తప్పుకున్నాయి, సొరంగం పూర్తిగా రైళ్ళకు మిగిలింది. సొరంగం చివరనున్న బస్సు స్టేషన్ స్థలం సమావేశ కేంద్రం విస్తరణకు పోవడం ఒక కారణమైతే, రైళ్ళ సంఖ్య పెరగాల్సి రావడం ఇంకో కారణం.

రైళ్ళు తక్కువగా ఉన్నంతకాలం ఈ పద్ధతి ముచ్చటగా ఉంటుంది. రెండుమూడు నిమిషాలకొకటి నడపాల్సి వచ్చిన రోజున, ముందున్న బస్సులో ఒక ప్రయాణికుడు చిల్లర వెతుక్కుంటే వెనకున్న రైల్లోని వందలమంది ఆగిపోతారు. వీధిలో నడిచే ట్రాములకూ బస్సులకూ మాత్రం ఒకే ఆగుచోటు ఇవ్వడం చాలావరకు మంచిదే, ఐరోపా నగరాల్లో అది సర్వసాధారణం. ఏది ముందొస్తే అది ఎక్కవచ్చు, రెండు చోట్ల మెడ సాచి చూస్తూ నిలబడనక్కర్లేదు.

ప్రశ్న: రెండు వేర్వేరు సంస్థల బండ్లు ఒకే ప్లాట్‌ఫారానికి వస్తే టికెట్లు ఎలా? మధ్యలో గేటు పెడతారా?

జవాబు: గేటు పెడితే ఉమ్మడి ప్లాట్‌ఫారం కట్టి ప్రయోజనమే లేదు. దీనికి టోక్యోలోని కుదాన్‌షితా స్టేషన్ కథ చెప్పాలి. అక్కడ టోక్యో మెట్రో వారి హంజోమోన్ లైను ప్లాట్‌ఫారమూ, నగర ప్రభుత్వం నడిపే తోయెయ్ షింజుకు లైను ప్లాట్‌ఫారమూ ఒకే అంతస్తులో వీపులు ఆనించుకుని ఉండేవి. మధ్యలో ఒక గోడ. రెండు సంస్థలు, రెండు టికెట్లు కాబట్టి గోడ. ప్రయాణికులు ఒక లైను దిగి మెట్లెక్కి, గేటు దాటి, మళ్ళీ మెట్లు దిగి, తాము ఇందాక నిలబడిన చోటికి కొన్ని అడుగుల అవతలికి చేరుకునేవారు. ఆ గోడను తొలగించాలని అప్పట్లో నగర పాలనలో ఉన్న నవోకి ఇనోసె పట్టుబట్టారు. 2013 మార్చిలో అది పోయింది. అప్పటి నుంచి ప్లాట్‌ఫారం దాటితే చాలు. కొత్తగా ఒక్క మీటరు సొరంగం కూడా తవ్వాల్సిన పని పడలేదు, కూర్చుని లెక్కల మీద ఒప్పందం చేసుకోవలసి వచ్చింది, అంతే.

బెర్లిన్‌లో వూల్‌టాల్ ఏర్పాటు సాఫీగా నడవడానికి కూడా ఇదే ఆధారం. అక్కడ నగరమంతటికీ ఒకే టికెట్ పద్ధతి, స్టేషన్లలో గేట్లు లేవు. ఒకే టికెట్ మీద మెట్రో, శివారు రైలు, ట్రాము, బస్సు అన్నీ ఎక్కవచ్చు. వచ్చిన సొమ్మును సంస్థలు తమలో తాము పంచుకుంటాయి. ఎవరి వాటా ఎంతన్న తగువు వారి గదుల్లో తేలాలి, దాన్ని తెచ్చి ప్రయాణికుడి దారికి అడ్డంగా నిలబెట్టడం తగదు.

ప్రశ్న: ప్లాట్‌ఫారం ఒకటే అయినా రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎదురుగా ఉన్న బస్సు వెళ్ళిపోతుంది. అప్పుడు ఉమ్మడి ప్లాట్‌ఫారం వల్ల ఒరిగేదేమిటి?

జవాబు: మీరు అన్నది అక్షరాలా నిజం. రెండు లైన్లూ 3, 4 నిమిషాలకొక బండి నడిపేవైతే టైంటేబుల్ కలపకపోయినా నష్టం లేదు, ఒకటి పోతే మరొకటి వస్తుంది. అరగంటకో గంటకో ఒక బండి ఉన్నచోట మాత్రం ప్లాట్‌ఫారం కంటే టైంటేబుల్ ముఖ్యం. బస్సు తోక మాత్రమే కనబడే ప్లాట్‌ఫారం ఎంత వెడల్పుగా ఉన్నా ఏం లాభం?

ఈ విషయంలో స్విట్జర్లాండ్ వారి పద్ధతి చూడదగింది. 2004 డిసెంబరు 12న అక్కడ దేశమంతటా ఒక్కరోజే అమల్లోకి వచ్చిన కొత్త టైంటేబుల్‌లో ముఖ్యమైన కూడలి స్టేషన్లకు రైళ్ళన్నీ గడియారం గంట కొట్టే ముందు చేరుకుంటాయి, గంట దాటిన కొన్ని నిమిషాలకు అన్ని వైపులకూ బయలుదేరుతాయి. మధ్యలో ఉన్న ఆ కాసేపట్లో అందరూ అన్నింటికీ మారవచ్చు. జ్యూరిక్, బెర్న్ నగరాల మధ్య ప్రయాణాన్ని గంటలోపుకు తగ్గించడానికి గంటకు 200 కిలోమీటర్ల వేగానికి సరిపోయే కొత్త లైను వేశారు. ముందు టైంటేబుల్ నిర్ణయించి, దానికి తగిన పట్టాలు వేయడం ఇందులోని విశేషం. మామూలుగా పట్టాలు వేసి, బండ్లు కొని, చివర్లో టైంటేబుల్ రాస్తారు. స్టేషన్ బయట కొండ ఊళ్ళకు పోయే బస్సులు కూడా ఈ గంటల లెక్కనే పాటిస్తాయి.

ఆలస్యమైన రైలు కోసం బస్సు ఆగాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. తర్వాతి బస్సు 5 నిమిషాల్లో ఉంటే ఆగకపోవడమే మేలు, లేకపోతే ముందు ఆగుచోట్లలో నిలబడినవారందరికీ ఆలస్యం పంచినట్టవుతుంది. తర్వాతిది గంటకు గానీ లేకపోతే 3, 4 నిమిషాలు ఆగడం న్యాయం. రాత్రి చివరి బస్సు మాత్రం రైలు వచ్చేదాకా ఆగి తీరాలని నా అభిప్రాయం. రైలు ఎక్కడుందో బస్సు డ్రైవరుకు తెలిపే చిన్న దీపమో తెరో ప్లాట్‌ఫారం చివర ఉంటే, ఈ నిర్ణయాలు డ్రైవరు దయాదాక్షిణ్యాలకు వదిలేయనక్కర్లేదు.

ప్రశ్న: నాకు చూపు లేదు. రెండువైపులా బండ్లు ఆగే ప్లాట్‌ఫారం అంటే నాకు భయం. ఏ అంచు ఎటువైపో, ఏ బండి ఎటు పోయేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ భయం సహేతుకమైనది. ఉమ్మడి ప్లాట్‌ఫారాన్ని పొగిడేవారు, నాతో సహా, ఈ ప్రశ్నను ముందుగా వేసుకోవాలి. మెట్ల బాధ తప్పినందుకు మీకు లాభమున్నా, రెండు అంచులూ ప్రమాదమే అయినప్పుడు మధ్యలో ఉన్న సురక్షితమైన నేల ఎటువైపో కాలికి తెలియాలి.

కాలికి తగిలే చుక్కల పలకలను జపాన్‌లో సెయిచి మియాకె రూపొందించారు, 1967లో ఒకాయామా నగరంలో వాటిని తొలిసారి వేశారు. జపాన్ రైలు ప్లాట్‌ఫారాల్లో ఆ తర్వాత వచ్చిన ఒక మెరుగుదల మీ ప్రశ్నకు నేరుగా జవాబు. అంచు వెంట ఉండే చుక్కల వరుసకు లోపలివైపున ఒక పొడవాటి గీతలాంటి ఉబ్బును కలిపారు. కర్రకూ కాలికీ ముందు గీత తగిలితే మీరు లోపలి నుంచి అంచువైపు వెళ్తున్నట్టు. చుక్కల నుంచి గీత ఉన్న వైపుకు తిరిగితే సురక్షితమైన నేల మీదికి చేరినట్టు. రెండు అంచులున్న ప్లాట్‌ఫారానికి ఈ గీత తప్పనిసరి అని నేను గట్టిగా అంటాను. దీనికి తోడు, ఒక అంచు ప్రకటనలు ఒక గొంతులో, రెండో అంచువి మరో గొంతులో వినిపిస్తే ఏ బండి ఎటు వచ్చిందో చెవికి తెలిసిపోతుంది. బండిలో కూడా "తలుపులు ఈ వైపు తెరుచుకుంటాయి, ఫలానా లైను ఎదుటి అంచున ఉంది" అని దిగడానికి ముందే చెప్పాలి.

వెడల్పు గురించి ఇక్కడే ఒక మాట. రెండు బండ్లు ఒకేసారి వస్తే రెండు గుంపులు ఎదురెదురుగా నడుస్తాయి. మధ్యలో స్తంభాలు, బల్లలు, అమ్మకపు పెట్టెలు నింపితే జనం అంచుల మీదికి జరుగుతారు. ఉమ్మడి ప్లాట్‌ఫారం నడుమ భాగాన్ని ఖాళీగా ఉంచడం అలంకారం కోసం కాదు, మీలాంటివారి ప్రాణరక్షణ కోసం.

ప్రశ్న: ఇంత శ్రమపడి మారడాన్ని సులభం చేసే బదులు, మారే అవసరమే లేకుండా చేయలేరా?

జవాబు: జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరం చేసి చూపింది. 1992లో అక్కడి ట్రాములు ఊరి వీధుల్లోంచి నేరుగా రైలు పట్టాల మీదికి ఎక్కి, బ్రెటెన్ పట్టణం దాకా పోవడం మొదలుపెట్టాయి. వీధిలో 750 వోల్టుల డీసీ కరెంటు, రైలు మార్గంలో 15,000 వోల్టుల ఏసీ కరెంటు. రెంటితోనూ నడిచే బండ్లను తయారుచేయించారు. అంతకుముందు స్టేషన్‌లో దిగి ట్రాము కోసం నిలబడినవారు కూర్చున్న సీటులోనే ఊరి నడిబొడ్డుకు చేరుకున్నారు. ఇతర నగరాలు కూడా ఈ దారి పట్టాయి.

అయినా ప్రతి ఇంటి నుంచి ప్రతి చోటికీ నేరుగా బండి వేయడం జరిగే పని కాదు. అలా వేయబోతే ప్రతి దారిలోనూ బండ్లు పలచబడి, గంటకొకటి మిగులుతుంది. తక్కువ లైన్లను ఎక్కువసార్లు నడిపి, మారేచోట కష్టం లేకుండా చూడటం చాలా నగరాలకు తగిన మార్గం.

ప్రశ్న: మా స్టేషన్‌ను ఇప్పుడు ఎవరూ పడగొట్టి కట్టరు. ఉన్నదానిలోనే అధికారులను ఏమి అడగమంటారు?

జవాబు: ముందుగా బస్సు ఆగే చోటును అడగండి. చాలా స్టేషన్ల దగ్గర గుమ్మానికి ఎదురుగా కార్లు నిలిపే స్థలం ఉంటుంది, బస్సులు దాని అవతల ఉంటాయి. ఈ రెండింటినీ తారుమారు చేయడానికి పెద్ద కట్టడమేమీ అక్కర్లేదు. రైలు ప్లాట్‌ఫారం బయటి అంచుకు గోడో కంచో ఉంటే, దాని అవతలికి రోడ్డు వస్తుందేమో చూడండి. వచ్చేటట్టయితే కంచె తీసి, నేను పైన చెప్పినట్టు రోడ్డును ఎత్తి, బస్సును నేరుగా అక్కడికే తేవచ్చు. స్థలం కలిసిరాకపోతే కనీసం దారి పొడవునా కప్పు వేయమని, మెట్ల పక్కన వాలుదారి కట్టమని అడగండి.

దానికి డబ్బు కూడా లేదంటే ఇంకో కోరిక ఉంది. రైలు ఆగినప్పుడు ఏ పెట్టె మెట్లకు ఎదురుగా వస్తుందో, బస్సుకు మారేవారు ఏ పెట్టెలో ఎక్కాలో బయలుదేరే స్టేషన్‌లోనే ప్లాట్‌ఫారం నేల మీద రంగుతో రాయించమనండి. 200 మీటర్ల రైల్లో చివరి పెట్టెలో దిగినవారు మెట్ల దాకా నడవడానికే రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. ఆ గీత చూసి సరైన పెట్టె ఎక్కినవారికి ఆ నడక తప్పుతుంది. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, ఒక రాత్రి పని. ఉత్తరంలో ఈ కోరికను మొదటిదిగా రాయండి.